మైనస్ 30లో కారు స్టార్ట్ అవ్వాలంటే: బ్లాక్ హీటర్‌ను ఎప్పుడు పెట్టాలి, ఎంతసేపు ఉంచాలి?

2024 భోగి నాటి ఉదయం. ఇక్కడ మన వీధుల్లో భోగి మంటలు ఇంకా పూర్తిగా ఆరలేదు. అదే సమయానికి కెనడాలోని ఆల్బెర్టా ప్రావిన్స్‌లో ఫోన్లన్నీ ఒక్కసారిగా మోగాయి. అక్కడ అప్పుడు జనవరి 13 సాయంత్రం. చలి విపరీతంగా ఉండటంతో కరెంటు వాడకం బాగా పెరిగిందని, విడతలవారీగా కోతలు పెట్టాల్సిన ప్రమాదం ఉందని, అత్యవసరమైన వాటికి తప్ప కరెంటు వాడొద్దని ఆ అలర్ట్ సారాంశం. ఎడ్మంటన్ ప్రాంతంలో ఆ రోజుల్లో ఉష్ణోగ్రత మైనస్ 40 డిగ్రీల కిందకు పడిపోయింది.

గ్రిడ్‌ను నడిపే ఆల్బెర్టా ఎలక్ట్రిక్ సిస్టమ్ ఆపరేటర్ సంస్థ జనానికి కొన్ని సూచనలు కూడా చేసింది. అనవసరమైన లైట్లు ఆపండి, వాషింగ్ మెషీన్ లాంటివి తర్వాత వేసుకోండి, ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్, బ్లాక్ హీటర్ల ప్లగ్ రాత్రి 7 గంటలయ్యాక పెట్టండి అని. అలర్ట్ వెళ్లిన కొద్ది నిమిషాల్లోనే డిమాండ్ 100 మెగావాట్లకు పైగా తగ్గింది. ఆ రాత్రి కోతలు పెట్టాల్సిన అవసరం రాలేదు.

ఎలక్ట్రిక్ కారుకు కరెంటు పెడతారంటే మనకు అర్థమవుతుంది. మరి పెట్రోల్ కారుకు కరెంటు ఎందుకు? హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో ఎడ్మంటన్, సాస్కటూన్, విన్నిపెగ్ వెళ్లే మన పిల్లల్లో చాలామందికి మొదటి చలికాలంలో ఎదురయ్యే ప్రశ్న ఇది. జనవరి ఇన్‌టేక్‌లో వెళ్లేవాళ్లయితే నేరుగా ఆ చలిలోనే దిగుతారు. సెకండ్ హ్యాండ్ కారు కొంటారు. ముందు బంపర్ దగ్గర మూడు పిన్నుల ప్లగ్ ఒకటి వేలాడుతుంటుంది. ఇదేంటన్నా అని ఫొటో తీసి వాట్సాప్‌లో సీనియర్లకు పంపుతారు.

బ్లాక్ హీటర్ అంటే ఏంటి?

మన ఇళ్లలో బకెట్ నీళ్లు కాచుకునే హీటర్ రాడ్ తెలుసు కదా. దాదాపు అదే. కాకపోతే బకెట్ బదులు ఇంజిన్, నీళ్ల బదులు కూలెంట్. ఇంజిన్ ప్రధాన భాగాన్ని బ్లాక్ అంటారు. సిలిండర్ల చుట్టూ కూలెంట్ తిరగడానికి అందులో దారులు ఉంటాయి. ఆ దారుల్లోకి చిన్న హీటింగ్ ఎలిమెంట్‌ను అమరుస్తారు. దాని తీగను ముందు గ్రిల్ వరకు తెచ్చి ప్లగ్ బయటకు వేలాడేలా వదులుతారు. గోడ సాకెట్‌కు కలిపితే ఎలిమెంట్ వేడెక్కుతుంది, కూలెంట్ వేడెక్కుతుంది, ఆ వేడి ఇంజిన్ లోహానికి, కొంతవరకు ఆయిల్‌కు చేరుతుంది. మామూలు కార్లకు ఇది 400 వాట్ల దగ్గర మొదలవుతుంది. పెద్ద డీజిల్ ట్రక్కుల్లో 1000 వాట్ల వరకు ఉంటుంది.

ఆయిల్ ట్యాంకు అడుగున అతికించే ప్యాడ్లు, బ్యాటరీకి చుట్టే హీటింగ్ దుప్పట్లు కూడా దొరుకుతాయి. వాటి పని వేరు. బ్లాక్ హీటర్ బ్యాటరీని వేడి చేయదు, చార్జ్ కూడా చేయదు. రాత్రంతా ప్లగ్‌లోనే ఉంది కదా, బ్యాటరీ ఎందుకు డౌన్ అయింది అని అడిగేవాళ్లు ప్రతి చలికాలంలో ఉంటారు.

ఈ పరికరం వెనుక అమెరికాలోని నార్త్ డకోటా రాష్ట్రం, గ్రాండ్ ఫోర్క్స్‌కు చెందిన ఆండ్రూ ఫ్రీమన్ ఉన్నారు. అక్కడి గ్రామీణ విద్యుత్ సహకార సంస్థను నడిపిన వ్యక్తి. ఇంజిన్ పైభాగాన్ని బిగించే బోల్టుల్లో ఒకదాన్ని తీసేసి, దాని స్థానంలో లోపల హీటింగ్ తీగ ఉన్న బోల్టు పెట్టడం ఆయన ఆలోచన. 1949 నవంబర్ 8న పేటెంట్ వచ్చింది. ఇప్పుడు ఎలిమెంట్ పెట్టే చోటు మారినా, ఆ ప్రాంతంలోనూ అలాస్కాలోనూ పాతతరం వాళ్లు దీన్ని ఇంకా హెడ్‌బోల్ట్ హీటర్ అనే పిలుస్తారు.

చలికి ఇంజిన్ ఎందుకు మొరాయిస్తుంది?

డిసెంబర్‌లో మన ఇంట్లో కొబ్బరినూనె సీసా గుర్తు తెచ్చుకోండి. గడ్డకట్టి, ఎండలో పెడితే గానీ కదలదు. ఇంజిన్ ఆయిల్ అంత సులువుగా గడ్డకట్టదు. కానీ మైనస్ 30లో తేనెలా చిక్కబడుతుంది. ఆ చిక్కదనంలో ఇంజిన్‌ను తిప్పాలంటే స్టార్టర్ మోటారుకు మామూలు కంటే చాలా ఎక్కువ బలం కావాలి.

సరిగ్గా అప్పుడే ఆ బలం ఇవ్వాల్సిన బ్యాటరీ నీరసపడుతుంది. సున్నా డిగ్రీల దగ్గరే లెడ్ యాసిడ్ బ్యాటరీ బలంలో మూడో వంతు పోతుంది. మైనస్ 18కి వచ్చేసరికి 60 శాతం దాకా తగ్గుతుంది. పైగా పెట్రోల్ కూడా చలిలో సరిగ్గా ఆవిరి కాదు, మండటానికి బద్ధకిస్తుంది. ఈ మూడూ కలిస్తే తాళం తిప్పినప్పుడు వినిపించేది టక్ టక్ శబ్దమే.

ఒకవేళ స్టార్ట్ అయినా, చిక్కటి ఆయిల్ పైభాగాలకు చేరేలోపు లోహం మీద లోహం రాసుకుంటుంది. అరుగుదల ఎక్కువగా జరిగేది ఆ కాసేపట్లోనే. బ్లాక్ హీటర్‌తో ముందే కాస్త వెచ్చబడిన ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. ఇంధనం కూడా ఆదా అవుతుంది. మైనస్ 20 దగ్గర 10 శాతం వరకు ఆదా ఉండొచ్చని కెనడా సహజ వనరుల శాఖ చెబుతోంది. ఇంకోటి, కారు లోపల వేడి గాలి త్వరగా వస్తుంది. అద్దం మీద మంచు పొర త్వరగా కరుగుతుంది. అద్దంలో అరచేయంత మేర గోకి, ఆ కంతలోంచి చూస్తూ రోడ్డెక్కేవాళ్లను గుర్తుచేసుకుంటే, ఇది సౌకర్యం మాత్రమే కాదని తెలుస్తుంది.

ఎప్పుడు పెట్టాలి, ఎంతసేపు?

అసలు చెప్పాల్సింది ఇక్కడే ఉంది. చాలామంది సాయంత్రం ఇంటికి రాగానే ప్లగ్ పెట్టి, పొద్దున తీస్తారు. అంత అవసరం లేదు. బయలుదేరడానికి 2 నుంచి 4 గంటల ముందు కరెంటు అందితే చాలు. ఆ తర్వాత హీటర్ ఎంత వేడి ఇస్తే అంత వేడినీ బయటి చలి లాగేసుకుంటుంది. ఇంజిన్ ఇంకా వేడెక్కదు, మీటరు మాత్రం తిరుగుతుంది.

లెక్క వేసుకుందాం. 400 వాట్ల హీటర్ 3 గంటలు నడిస్తే 1.2 యూనిట్లు. 12 గంటలు నడిస్తే 4.8 యూనిట్లు. యూనిట్‌కు 10 సెంట్లు అనుకుంటే రోజుకు 12 సెంట్లకు, 48 సెంట్లకు ఉన్న తేడా. వంద రోజుల చలికాలానికి 12 డాలర్లు ఎక్కడ, 48 డాలర్లు ఎక్కడ? రేటు, ఇతర చార్జీలు ప్రావిన్స్‌ను బట్టి మారతాయి, ఆల్బెర్టాలో డెలివరీ చార్జీలు కూడా కలుస్తాయి. కాబట్టి మీ బిల్లు చూసి లెక్క వేసుకోండి. ఎలా చూసినా పెద్ద మొత్తం కాదు అంటారా, ఒక ఇంటికి కాదు. కానీ లక్ష కార్లు సాయంత్రం 5 గంటలకే ఒకేసారి ప్లగ్ అయితే, ఒక్కోటి 500 వాట్ల లెక్కన 50 మెగావాట్లు. జనం ఇంటికి చేరి, పొయ్యి వెలిగించి, టీవీ పెట్టే సమయం కూడా అదే. ఆల్బెర్టా అలర్ట్ సమయంలో బ్లాక్ హీటర్ల పేరు ప్రత్యేకంగా చెప్పింది ఇందుకే.

తెల్లవారుజామున 4కి లేచి ప్లగ్ పెట్టడం ఎవరివల్లా కాదు. అందుకే టైమర్ కొనుక్కోండి. బయట వాడటానికి తయారైనది, 15 ఆంపియర్లు తట్టుకునేది తీసుకోవాలి. ఇంట్లో క్రిస్మస్ లైట్లకు వాడే చిన్న టైమర్ వద్దు. ఫిన్లాండ్‌లో అయితే అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో స్తంభానికే టైమర్ ఉంటుంది. ఎవరి గడియారం వాళ్లు తిప్పుకుని వెళ్లిపోతారు.

ఎన్ని డిగ్రీలకు మొదలుపెట్టాలి? కెనడాలో సాధారణంగా చెప్పే గీత మైనస్ 15. బ్యాటరీ పాతదైతే, డీజిల్ బండి అయితే అంతకుముందే మొదలుపెట్టడం మంచిది. మీ కారు మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి.

వాతావరణ యాప్‌లో రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి గాలి ఉష్ణోగ్రత, రెండోది విండ్ చిల్. మైనస్ 29 డిగ్రీల్లో గంటకు 25 కిలోమీటర్ల గాలి వీస్తే విండ్ చిల్ మైనస్ 43 చూపిస్తుంది. అది మన చర్మానికి సంబంధించిన లెక్క. ఆపి ఉంచిన ఇంజిన్ గాలికి త్వరగా చల్లబడుతుంది గానీ మైనస్ 29 కంటే కిందకు పోదు. కారుకు మొదటి అంకె చూడండి, మీకు రెండోది చూసుకోండి. విండ్ చిల్ మైనస్ 40 దాటితే బయటకు కనిపించే చర్మం 5 నుంచి 10 నిమిషాల్లో గడ్డకట్టొచ్చని కెనడా పర్యావరణ శాఖ హెచ్చరిస్తుంది. కారు స్టార్ట్ కాక, చేతి తొడుగులు తీసి బానెట్ కింద చేతులు పెట్టేవాళ్లకు ఆ 5 నిమిషాలు ఎంత త్వరగా అయిపోతాయో అప్పుడే తెలుస్తుంది.

పార్కింగ్‌లో ప్లగ్ ఉంది, కరెంటు ఉందా?

ప్రెయిరీ ప్రాంతపు నగరాల్లో అపార్ట్‌మెంట్లు, యూనివర్సిటీలు, ఆఫీసుల పార్కింగ్‌లో ఒక్కో స్థలం ముందు సాకెట్ ఉండటం మామూలే. కానీ సాకెట్ ఉన్నంత మాత్రాన 24 గంటలూ కరెంటు ఉంటుందని అనుకోవద్దు. చాలాచోట్ల ఖర్చు తగ్గించడానికి కంట్రోలర్లు పెడతారు. అరగంట కరెంటు ఇచ్చి, అరగంట ఆపుతారు. కొన్ని చోట్ల బయటి ఉష్ణోగ్రతను బట్టి ఆ సమయం పెరుగుతుంది, తగ్గుతుంది. చలి ఒక హద్దు దాటితే తప్ప అసలు ఇవ్వని చోట్లూ ఉన్నాయి. ఇలాంటి సాకెట్‌కు మీరు సొంత టైమర్ కూడా పెడితే రెండూ కలిసి మీ కారుకు అందేది బాగా తగ్గిపోతుంది. ఇక్కడ టైమర్ లేకుండా నేరుగా పెట్టడమే నయం.

ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడే అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ప్లగ్ ఉన్న పార్కింగ్ అద్దెలో భాగమా, విడిగా కట్టాలా? ఏ నెల నుంచి ఏ నెల వరకు కరెంటు ఇస్తారు? నిరంతరంగానా, విడతలుగానా? సాకెట్ పనిచేయకపోతే ఎవరికి చెప్పాలి? ఈ జవాబులు అగ్రిమెంట్‌లో రాయించుకోండి. నోటి మాట నవంబర్‌లో బాగానే ఉంటుంది, జనవరిలో మేనేజర్ ఫోన్ ఎత్తడు. ఒకే సాకెట్ నుంచి స్ప్లిటర్ పెట్టి రెండు మూడు కార్లకు ఇచ్చుకోవడం మనవాళ్లలో ఉన్న అలవాటే. బ్రేకర్ పడిపోతే మూడు కార్లూ పొద్దున్నే మొండికేస్తాయి.

ప్లగ్ లేని పార్కింగే దొరికితే? మాన్యువల్ అనుమతించే 0డబ్ల్యూ రకం సింథటిక్ ఆయిల్ వేయించండి. ఇక్కడ డబ్ల్యూ అంటే చలికాలమే, దాని ముందున్న అంకె ఎంత తక్కువైతే చలిలో ఆయిల్ అంత తేలిగ్గా పారుతుంది. బ్యాటరీని శరత్కాలంలోనే టెస్ట్ చేయించండి. ఈ రెండింటితోనే చాలా కార్లు మైనస్ 25 దాకా నెట్టుకొస్తాయి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ నడిపి వెచ్చబెట్టే పని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయొద్దు. తలుపు కొద్దిగా తెరిచినా సరే. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

తీగ విషయంలో పొరపాటు ఎక్కడ జరుగుతుంది?

నిప్పు అంటుకోవడం లాంటి ప్రమాదాలు హీటర్ వల్ల కన్నా తీగ వల్ల రావడానికే అవకాశం ఎక్కువ. ఇంట్లో వాడే సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ చలికి కర్రలా బిగుసుకుని, పై పొర పగులుతుంది. మంచు తడి లోపలికి పోతుంది. బయట వాడకానికి అని ముద్ర ఉన్న, మూడు పిన్నుల, 14 గేజ్ తీగ కొనండి. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ మందం పెరుగుతుంది. కాబట్టి 16 కంటే 14 మేలు, దూరం ఎక్కువైతే 12. అవసరమైనంత పొడవే తీసుకోండి. మిగిలిన తీగను చుట్ట చుట్టి మంచులో పడేస్తే ఆ చుట్ట వేడెక్కుతుంది. ఇక్కడి నుంచి సూట్‌కేసులో తీసుకెళ్లిన ఎక్స్‌టెన్షన్ బాక్సు అక్కడ పనికిరాదు. అక్కడ సరఫరా 120 వోల్టులు, పిన్నులు వేరు, మన తీగలు ఆ చలికి తయారైనవి కావు.

వాడుతున్నప్పుడు ప్లగ్‌ను చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే ఫర్వాలేదు. వేడిగా ఉంటే, నల్లబడితే వెంటనే మార్చేయండి. తీసేటప్పుడు ముందు గోడ వైపు తీయండి, తర్వాత కారు వైపు.

ఇక అందరూ ఒక్కసారైనా చేసే పని, ప్లగ్ తీయడం మర్చిపోయి కారు కదిలించడం. సాకెట్ ఊడుతుంది, తీగ తెగుతుంది, పక్కవాళ్లు నవ్వుతారు. దీనికి అక్కడివాళ్లు కనిపెట్టిన ఉపాయం ఉంది. తీగను డ్రైవర్ వైపు అద్దం మీదుగా ఒక చుట్టు వేసి తెస్తారు. తలుపు తీయాలంటే తీగ అడ్డొస్తుంది. యాప్‌లు, రిమైండర్‌ల కంటే ఇదే బాగా పనిచేస్తుంది.

సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నారా?

టొరంటోలోనో వాంకూవర్‌లోనో తిరిగిన కారును ఎడ్మంటన్‌కు తెచ్చుకుంటే, దానికి బ్లాక్ హీటర్ లేకపోవచ్చు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నుంచి వచ్చిన కార్ల సంగతి చెప్పక్కర్లేదు. ముందు గ్రిల్, బంపర్ కింద, బ్యాటరీ పక్కన ప్లగ్ కోసం వెతకండి. కొన్ని కంపెనీల బండ్లలో ఎలిమెంట్ ఇంజిన్‌లోనే ఉంటుంది, తీగ మాత్రం విడిగా కొనాలి. కాబట్టి ప్లగ్ కనిపించనంత మాత్రాన హీటర్ లేదని తేల్చేయకుండా, ఛాసిస్ నంబర్ ఇచ్చి డీలర్‌ను అడగండి.

ప్లగ్ ఉంటే అది పనిచేస్తుందా అన్నది రెండో ప్రశ్న. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ప్లగ్ పెట్టి, బానెట్ దగ్గర చెవి పెట్టండి. కాసేపటికి నీళ్లు కాగేటప్పుడు వచ్చే సన్నటి శబ్దం వినిపించొచ్చు. దుకాణాల్లో దొరికే చిన్న వాట్ మీటర్‌ను మధ్యలో పెడితే ఇంకా కచ్చితం. 400 దరిదాపుల్లో చూపిస్తే సరే, సున్నా అయితే ఎలిమెంట్ కాలిపోయింది లేదా తీగ తెగింది. మల్టీమీటర్ ఉన్నవాళ్లు ప్లగ్ రెండు పిన్నుల మధ్య కొలిస్తే, 400 వాట్ల ఎలిమెంట్‌కు 36 ఓమ్‌ల దగ్గర రావాలి. ఈ పరీక్ష అక్టోబర్‌లో చేయండి. మొదటి చలిగాలి వచ్చాక మెకానిక్‌ల దగ్గర ఖాళీ దొరకదు. కొత్తగా పెట్టించాలంటే కూలెంట్ తీసి మళ్లీ నింపాలి. యూట్యూబ్ చూసి పార్కింగ్‌లో చేసుకునే పని కాదు.

కూలెంట్ కలిపే పాళ్లు కూడా అప్పుడే చూపించుకోండి. కూలెంట్ ఎంత చిక్కగా ఉంటే అంత మంచిదని కొందరు అనుకుంటారు. నిజానికి ఇథిలీన్ గ్లైకాల్, నీళ్లు సగం సగం కలిపితే మైనస్ 37 దాకా గడ్డకట్టదు. నీళ్లు లేకుండా గ్లైకాల్ ఒక్కటే పోస్తే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది.

ఎలిమెంట్ దగ్గర కూలెంట్ లీకై షార్ట్ సర్క్యూట్ అయ్యే లోపాల మీద కొన్ని మోడళ్లకు కెనడాలో రీకాల్స్ వచ్చాయి. ట్రాన్స్‌పోర్ట్ కెనడా వెబ్‌సైట్‌లో కంపెనీ, మోడల్, సంవత్సరం ఇస్తే మీ బండి ఆ జాబితాలో ఉందో లేదో ఉచితంగా తెలుస్తుంది. ఉంటే రిపేరు అయ్యేదాకా హీటర్ ప్లగ్ పెట్టొద్దు. కారు కింద రంగు నీళ్ల మరక కనిపించినా అంతే.

అన్నీ చేసినా స్టార్ట్ కాకపోతే?

స్టార్టర్‌ను ఆపకుండా తిప్పకండి. 10 సెకన్లు తిప్పి, ఒక నిమిషం ఆగండి. మూడు నాలుగు సార్లకు కాకపోతే బూస్టర్ కేబుల్ కోసం చూడండి. బ్యాటరీ ఉబ్బినట్టు, గడ్డకట్టినట్టు కనిపిస్తే మాత్రం కేబుల్ కలపొద్దు, పేలే ప్రమాదం ఉంది. బాగా చార్జ్ ఉన్న బ్యాటరీ అంత చలిలోనూ గడ్డకట్టదు గానీ, పూర్తిగా ఖాళీ అయినది కొద్దిపాటి మైనస్‌లోనే గడ్డకడుతుంది.

ఊరు దాటి వెళ్తుంటే ఆల్బెర్టాలో, మానిటోబాలో 511 నంబర్‌లో రోడ్ల పరిస్థితి తెలుస్తుంది. సాస్కచెవాన్‌లో దానికి హైవే హాట్‌లైన్ ఉంది. మధ్యలో చిక్కుకుంటే, ప్రాణాపాయం అనిపిస్తే 911. కారు వదిలి నడక మొదలుపెట్టొద్దు. ఇంజిన్ నడుస్తుంటే గంటకు 10 నిమిషాల చొప్పున వేసుకోండి, అంతకుముందు సైలెన్సర్ గొట్టానికి మంచు అడ్డం లేకుండా తీయండి. డిక్కీలో దుప్పటి, పార, పవర్ బ్యాంకు ఉంచుకోవడానికి ఖర్చేమీ కాదు.

ఇక్కడి నుంచి ఫోన్ చేసే తల్లిదండ్రులకు ఒక మాట. అక్కడ ఎంత చలిగా ఉందిరా అని అడగడంతో పాటు, బ్లాక్ హీటర్ చెక్ చేయించావా, టైమర్ పెట్టావా అని కూడా అక్టోబర్‌లో అడగండి.

ఎలక్ట్రిక్ కార్లు, డీజిల్ బండ్లు, మన లద్దాఖ్

ఎలక్ట్రిక్ కారుకు ఇంజిన్ లేదు కాబట్టి బ్లాక్ హీటర్ లేదు. కానీ చలిలో దాన్నీ ప్లగ్‌లోనే ఉంచాలి. బయలుదేరే సమయం యాప్‌లో పెడితే బ్యాటరీని, క్యాబిన్‌ను గోడ కరెంటుతోనే ముందుగా వెచ్చబెట్టుకుంటుంది. హైబ్రిడ్‌లో ఇంజిన్ ఉంటుంది, కొన్నింటికి బ్లాక్ హీటర్ కూడా ఉంటుంది. మాన్యువల్ చూసుకోవాలి.

డీజిల్‌తో వచ్చే చిక్కు వేరు. చలికి అందులోని మైనం విడిపోయి ఫిల్టర్‌ను మూసేస్తుంది. దానికి బ్లాక్ హీటర్ మందు కాదు, చలికాలపు డీజిల్ కావాలి. మన దేశంలో లద్దాఖ్‌కు ఈ సమస్య ఎప్పటి నుంచో ఉంది. ఇంజిన్ కింద మంట పెట్టి వెచ్చబెట్టుకోవడం అక్కడి డ్రైవర్లకు పాత అలవాటు. 2019 నవంబర్‌లో ఇండియన్ ఆయిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారే ప్రత్యేక డీజిల్‌ను లద్దాఖ్ కోసం విడుదల చేసింది. డిసెంబర్, జనవరిలో సొంత డీజిల్ బండితో లేహ్ వెళ్లే ఆలోచన ఉంటే, మైదాన ప్రాంతంలో నింపిన ట్యాంకుతో రాత్రి ఆపొద్దు. పైకి వెళ్లేకొద్దీ అక్కడి బంకుల్లో ఆ చలికాలపు డీజిల్ అడిగి నింపించుకోండి.

లంబసింగికి వెళ్లేవాళ్లు స్వెటర్ పెట్టుకుంటే చాలు.